గ్యాస్ట్రిక్ బ్యాండ్ రివ్యూ, రెండున్నరేళ్ల తర్వాత: పనిచేస్తుంది, కానీ నత్తనడకన

ముందే మార్కులు చెప్పేస్తాను. ఐదుకి బ్యాండ్‌కి మూడు. మొదట ఆపరేషన్ చేసిన క్లినిక్‌లో ఫాలోఅప్‌కి ఒకటి, అది కూడా ఆపరేషన్ వరకు శుభ్రంగా చేశారని. ఇప్పుడు వెళ్తున్న చోట ఫాలోఅప్‌కి నాలుగున్నర. మూడూ విడివిడిగా ఎందుకిచ్చానో తెలియాలంటే మొత్తం చదవాలి, కాస్త పెద్దదే. అంత ఓపిక లేనివాళ్లకి ఒక్క ముక్క: బ్యాండ్ వేయించుకున్నా బరువు దిగట్లేదని, ఇంకాస్త బిగించమని అడగడానికి బయల్దేరుతున్నారా, ఒక్కరోజు ఆగండి. నేను అలాగే అడిగి అడిగి బిగించుకుని రెండున్నర కిలోలు పెరిగాను. అవును, పెరిగాను.

నా లెక్కలు ఇవి. ఎత్తు 162 సెంటీమీటర్లు. ఆపరేషన్ రోజు బరువు 118 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 45. ఇవాళ 92. రెండున్నరేళ్లలో 26 కిలోలు. ఈ అంకె చెప్తే బ్యాండ్ అంటే తెలియనివాళ్లు "అబ్బో, 26 కిలోలే!" అంటారు, స్లీవ్ (కడుపులో ముప్పావు వంతు కోసి తీసేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు "రెండున్నరేళ్లకా?" అంటారు. రెండో రకంలో మొదటి మనిషి మా ఆడపడుచు. నా తర్వాత నాలుగు నెలలకి స్లీవ్ చేయించుకుని, ఆరు నెలలు తిరక్కుండానే నన్ను దాటిపోయింది. ఒకరోజు ఫోన్‌లో మామూలుగా అడిగినట్టే అడిగింది, "వదినా, నీది ఇంకా లోపలే ఉందా, లేక ఊడి కిందపడిందా?" అని. నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వలేదు.

తెలియనివాళ్ల కోసం ఈ వస్తువేంటో రెండు ముక్కల్లో. కడుపు పైభాగంలో, అన్నవాహిక వచ్చి కలిసే చోటుకి కాస్త కింద, సిలికాన్‌తో చేసిన ఉంగరంలాంటి పట్టీ వేస్తారు. దాని పైన మిగిలే చిన్న సంచిలో 15 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే రెండు మూడు దగ్గుమందు మూతలంత. ఉంగరం లోపలివైపు బుడగ ఉంటుంది, దాన్నుంచి సన్నటి గొట్టం వచ్చి పొట్ట చర్మం కింద కుట్టిపెట్టిన చిన్న బిళ్లకి కలుస్తుంది. ఆ బిళ్లనే పోర్ట్ అంటారు. అందులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే ఉంగరం బిగుస్తుంది, లాగేస్తే వదులవుతుంది. ఇలా ఎక్కించడాన్ని అందరూ ఫిల్ అనే అంటారు, నేనూ అదే రాస్తాను. కడుపు కోయరు, పేగులు మళ్లించరు, అవసరమైతే తీసేయొచ్చు. నేను పడిపోయింది ఈ "తీసేయొచ్చు" అన్న మాటకే. కడుపులో ముప్పావు వంతు కోసి తీసేస్తారంటే భయం వేసి, ఇదైతే మంచిదనుకున్నాను.

అప్పుడు నాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ బ్యాండ్‌ని లాపరోస్కోపీలో (పొట్ట మీద చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) మొదటిసారి వేసింది 1993లో, బెల్జియంలో. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2011 ప్రాంతానికి అక్కడ బరువు ఆపరేషన్లలో దాదాపు మూడో వంతు ఇవే. ఇప్పుడు నూటికి ఒకటో అంతకన్నా తక్కువో. జనం ఎందుకు వదిలేశారంటే నెమ్మదిగా తగ్గడం ఒకటి, ఏళ్లు గడిచేకొద్దీ జారడమో, కడుపు గోడని ఒరుసుకుని లోపలికి దిగడమో, గొట్టం కారడమో జరిగి మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కేవాళ్లు ఎక్కువ కావడం రెండోది. తీసేయొచ్చు అన్నది ప్లస్ పాయింట్‌గా చెప్పారు కానీ, చాలామందికి తీసేయాల్సి వస్తుందని చెప్పలేదు. బ్యాండ్‌కి రెండు మార్కులు అక్కడే తెగ్గోశాను.

మరి మూడెందుకు ఉంచాను? ఎందుకంటే నెమ్మది అనేది దీని లోపం కాదు, దీని నడకే అది. స్లీవ్‌లో ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యే కడుపు భాగాన్నే కోసి తీసేస్తారు, మొదటి రోజు నుంచే ఆకలి సగం చస్తుంది, ఏడాది ఏడాదిన్నరలో తగ్గాల్సిన బరువులో చాలావరకు తగ్గిపోతుంది. బ్యాండ్‌లో ఏమీ కోయలేదు కదా, ఆకలి ఉన్నచోటే ఉంటుంది. ఉంగరం సరిగ్గా అమరే దాకా మీరూ మీ పాత ఆకలీ ఒకే ఇంట్లో కాపురం. సరిగ్గా అమరాక వారానికి అరకిలో నుంచి కిలో తగ్గితే అది బ్రహ్మాండం కింద లెక్క, అలా రెండు మూడేళ్లు సాగి సగటున ఎక్కువున్న బరువులో సగం దాకా పోతుంది. ఎక్కువున్న బరువు అంటే బీఎంఐ 25కి పైనున్నదంతా. నాకది 52 కిలోలు. అందులో 26 పోయాయి, అచ్చంగా సగం. అంటే నేను ఫెయిలవలేదు, యావరేజ్ స్టూడెంట్‌ని. ఈ లెక్క ఎవరైనా మొదటి నెలలోనే కాగితం మీద వేసి చూపించి ఉంటే ఒక ఏడాది ఏడుపు తగ్గేది.

మొదటి నెల అయితే స్వర్గం. ద్రవాలు, తర్వాత మెత్తగా చేసినవి, ఏడు కిలోలు ఎగిరిపోయాయి. అది బ్యాండ్ గొప్పతనం కాదు, సూప్ తాగితే ఎవరైనా తగ్గుతారు. తర్వాతే అసలు కథ. మొదటి ఫిల్ సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత చేస్తారు, లోపల గాయం మానాలి కాబట్టి. నాకు ఆరో వారం చేశారు. అప్పటికే గట్టి ఆహారం మొదలైంది, ఉంగరం ఖాళీగా వదులుగా ఉంది, ఆకలి పూర్వంలాగే దంచుతోంది. ఆపరేషన్ చేయించుకుని కూడా ఆకలేంటని నన్ను నేను తిట్టుకున్నాను. నాలుగో నెలకి 109, ఆరో నెలకి 106. రెండు నెలల్లో మూడు కిలోలు. మా ఆయన "తగ్గుతున్నావుగా" అంటే ఆయన మీద అరిచాను.

ఫిల్ ఎలా ఉంటుందో చాలామంది భయపడతారు, కాబట్టి అది వివరంగా రాస్తాను. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, "తల ఒక్కటే పైకెత్తండమ్మా, భుజాలు వద్దు" అంటారు. అలా ఎత్తితే పొట్ట కండరం బిగిసి పోర్ట్ పైకి తేలుతుంది. డాక్టర్ రెండు వేళ్లతో, చీకట్లో చొక్కా గుండీ తడిమినట్టు తడిమి, దాన్ని కదలకుండా పట్టుకుని సూది నిటారుగా దించుతారు. అది మామూలు సూది కాదు. పోర్ట్ మీదుండే సిలికాన్ పొర నుంచి ముక్క తొలవకుండా దిగేలా దాని మొన చేసి ఉంటుంది, అందుకే మళ్ళీ మళ్ళీ గుచ్చినా అది కారదు. నొప్పి రక్తపరీక్షంత, అంతే. తర్వాత లేపి కూర్చోబెట్టి గ్లాసు నీళ్లు ఇస్తారు. గుటక దిగి, రొమ్ము ఎముక కింద ఒక్క క్షణం ఆగి, బుడుంగుమని లోపలికి జారడం మనకే తెలుస్తుంది. ఆ చప్పుడు నాకు ఎందుకో ఇష్టం. జారకపోతే మాత్రం అక్కణ్ణుంచి కదలొద్దు, అప్పటికప్పుడు కాస్త తీయించుకోవాలి. ఇంటికెళ్లాక చూద్దాం అనుకుంటే రాత్రికి గుక్కెడు నీళ్లు కూడా దిగక ఎమర్జెన్సీకి పరిగెత్తాలి.

ఆపరేషన్ చేసిన క్లినిక్‌లో నా ఫాలోఅప్ అంటే ఇది: రెండు గంటలు కుర్చీలో, ఐదు నిమిషాలు లోపల. ప్రతిసారీ కొత్త జూనియర్. "ఎంత తగ్గారు?" "తగ్గలేదండి." "అయితే ఇంకొంచెం బిగిద్దాం." ఏం తింటున్నావు, ఎంతసేపు తింటున్నావు, రాత్రి దగ్గు వస్తోందా, తిన్నది పైకి వస్తోందా... ఒక్కటంటే ఒక్క ప్రశ్న లేదు. పూర్తిగా వాళ్ల తప్పే అనను. బిగించమని అడిగింది నేనే. నా బుర్రలో లెక్క చాలా సింపుల్: బరువు దిగట్లేదు అంటే వదులుగా ఉంది, బిగిస్తే దిగుతుంది. 3 మిల్లీలీటర్లతో మొదలై నాలుగున్నర, ఆరు, ఆరున్నర, ఏడు. తొమ్మిదో నెలకి 104కి వచ్చాను, ఆ రెండు కిలోలకే పొంగిపోయి చివరి అర మిల్లీలీటర్ కూడా వేయించుకున్నాను.

ఆ వారమే ఆఫీసులో భోజనానికి కూర్చున్నాను. చికెన్ ముక్క, చల్లారి కాస్త ఎండిపోయింది. పక్కన కొలీగ్ ఏదో మీటింగ్ సంగతి చెప్తోంది, నేను తలూపుతూ నమలకుండానే మింగేశాను. రెండో సెకనులో తెలిసిపోయింది. రొమ్ము మధ్యలో ఎవరో బొటనవేలు పెట్టి లోపల్నుంచి నొక్కుతున్నట్టు. నీళ్లు తాగితే దిగుతుందనుకుని తాగాను, అది ఇంకో తప్పు, నీళ్లకి పోయే దారి లేదు కదా, పైనే నిలబడిపోయాయి. నోట్లో లాలాజలం నురగలా ఊరడం మొదలైంది, మింగలేం, ఉమ్మలేం, మాట్లాడటానికి నోరు తెరవలేం. చేత్తో సైగ చేసి వాష్‌రూమ్‌కి వెళ్లి పావుగంట బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. చివరికి ముక్క ముక్కలాగే పైకి వచ్చింది. దాన్ని వాంతి అనలేం, పుల్లగా లేదు, చేదు లేదు, ఆమ్లం ఉన్న చోటికి అది చేరితేగా. మొహం కడుక్కుని వచ్చేసరికి కొలీగ్ "ఏమైంది, పాలిపోయారు" అంది. ఎసిడిటీ అని అబద్ధం చెప్పాను.

ఇలా వారంలో మూడుసార్లు జరిగితే మనిషి ఏం చేస్తాడు? ఇరుక్కునేవి మానేస్తాడు. నేనూ చికెన్ మానేశాను, గుడ్డు మానేశాను, బ్రెడ్ మానేశాను (మెత్తటి బ్రెడ్ మహా ప్రమాదం, ముద్దలా అతుక్కుంటుంది, కరకరలాడేలా కాల్చింది కొంత నయం), యాపిల్ తొక్కతో మానేశాను. ఇరుక్కోనివి ఏంటి? ఐస్‌క్రీమ్. దానికి బ్యాండ్ ఉన్న సంగతే తెలియదు. చాక్లెట్, మిల్క్‌షేక్, చిప్స్ నోట్లోనే కరిగి పిండైపోతాయి, ఒక ప్యాకెట్ లోపలికి వెళ్లినా ఉంగరం కిమ్మనదు. పైకి చూస్తే నేను "ఏమీ తినలేకపోతున్న" మనిషిని. అందరూ పాపం అంటున్నారు. లోపలికి మాత్రం కేలరీలు సొరంగం తవ్వుకుని మరీ వెళ్తున్నాయి. పదకొండో నెలలో తూకం 106.5. ఈ బ్యాండ్ మోసం, నా ఒళ్లే మొండిది, డబ్బంతా బూడిదలో పోశాను అని ఒక రాత్రంతా కూర్చున్నాను. కూర్చోవడమే, ఎందుకంటే పడుకుంటే దగ్గు. గొంతులోకి ఏదో పుల్లగా తన్నుకొస్తుంది. ఆ దగ్గు బ్యాండ్ అతిగా బిగిసిందనడానికి గుర్తు అని అప్పుడు నాకు తెలియదు, వాతావరణం పడలేదనుకుని సిరప్ తాగాను.

రెండో చోటికి వెళ్లింది అసలు బ్యాండ్ తీయించుకుందామనే. అక్కడి డాక్టరమ్మ నలభై నిమిషాలు కూర్చోబెట్టింది, అందులో మొదటి ఇరవై నిమిషాలు బ్యాండ్ ఊసే లేదు. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా నోట్లో పెట్టినవన్నీ చెప్పమంది. చాక్లెట్ దగ్గర నేను గొంతు తగ్గించాను, ఆవిడ తలెత్తకుండానే "ఎన్ని?" అంది. తర్వాత బేరియం ఎక్స్‌రే. సుద్దనీళ్లలాంటిది తాగుతుంటే స్క్రీన్ మీద చూపించారు. ఉంగరం జారలేదు, ఉండాల్సిన ఏటవాలులోనే ఉంది, కానీ బేరియం దాని పైన చెరువులా నిలబడి దారంలా దిగుతోంది. ఉంగరానికి పైన అన్నవాహిక కాస్త వెడల్పవడం కూడా మొదలైంది. ఆవిడ సూదితో ఉన్నదంతా లాగి కొలిచింది. పాత ఫైల్‌లో 6.5 అని రాసుంది, లోపల ఉన్నది 7. అదీ మా పాత క్లినిక్ రికార్డు. కొలిచి, 5 మాత్రమే తిరిగి ఎక్కించింది.

నేను లబోదిబోమన్నాను. బరువు తగ్గట్లేదని వస్తే వదులు చేస్తారా! ఆవిడ చెప్పింది నాకర్థమైనట్టు రాస్తాను. మనం అనుకునేది ఏంటంటే, ఉంగరం గేటులాంటిది, తిండిని పైనే ఆపేస్తుంది, ఆ చిన్న సంచి నిండితే ఇక తినలేం. అలా కాదట. సరిగ్గా అమరిన బ్యాండ్‌లో బాగా నమిలిన ముద్ద ఒక నిమిషం లోపే, అన్నవాహిక రెండు నుంచి ఆరు నొక్కులు నొక్కితే, కిందికి వెళ్లిపోతుంది. అలా దూరుతున్నప్పుడు అక్కడి నరాల మీద పడే ఒత్తిడే మెదడుకి "చాలు" అని కబురు పంపుతుంది. అంటే దీని పని అడ్డుపడటం కాదు, ఆకలి తీరిందని అబద్ధం చెప్పడం. అతిగా బిగిస్తే కబురు పోదు, ట్రాఫిక్ జామ్ అవుతుంది. దీన్ని వాళ్లు మూడు రంగుల్లో చెప్తారు. ఆకలి తొందరగా వేస్తూ, ఎక్కువ తినగలుగుతుంటే పసుపు, కొంచెం బిగించొచ్చు. కొద్దిగా తింటే చాలై, తర్వాతి భోజనం దాకా ఆగగలిగితే ఆకుపచ్చ. మింగడం కష్టం, రాత్రి దగ్గు, మెత్తటివే దిగుతున్నాయి అంటే ఎరుపు, వెంటనే తీయించుకోవాలి. నేను ఎర్రలైట్ దగ్గర నిలబడి, బండి కదలట్లేదని ఇంకా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కుతున్నానన్నమాట.

మూడు వారాల తర్వాత 0.4 కలిపి 5.4 చేసింది. అప్పట్నుంచి ఇవాళ్టి దాకా అంతే, చుక్క మారలేదు. దగ్గు వారంలో పోయింది. గుడ్డు తినగలిగాను, చికెన్ తినగలిగాను, గట్టి ఆహారం కడుపులో పడితే నాలుగు గంటలు ఆకలి లేదు, దాంతో చిప్స్ ప్యాకెట్ వైపు చెయ్యి వెళ్లడం దానంతటదే తగ్గింది. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య 106 నుంచి 98కి వచ్చాను. వారానికి మూడొందల గ్రాములు. ఆరు నెలలకి ఎనిమిది కిలోలు అంటే మా ఆడపడుచు ఒక నెలలో చేసిన పని. అయినా నాకు మొదటిసారి, తగ్గుతున్నది నేనే అనిపించింది.

తినే పద్ధతి గురించి అక్కడి డైటీషియన్ చెప్పినవి చాలా ఉన్నాయి, అన్నీ రాయను. నాకు పనికొచ్చినవి చెప్తాను. ముక్క బొటనవేలి గోరంత. ఇరవైసార్లు నమలాలి. మింగాక ఫోర్క్ కింద పెట్టేసి ఒక నిమిషం ఆగాలి, ఈ ఆగడం అనేది వినడానికి ఏముంది అనిపిస్తుంది కానీ చేసి చూడండి, మొదటి వారం పిచ్చెక్కిపోతుంది. నేను వంటింటి టైమర్ పెట్టుకునేదాన్ని, అది టింగుమంటే తర్వాతి ముక్క. మా ఆయన రెండు రోజులు భరించి, మూడో రోజు టైమర్ తీసుకెళ్లి దాచేశాడు. ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయలు, చోటుంటే మిగిలినవి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలయ్యాక ప్లేటులో ఏమున్నా లేచిపోవాలి. తింటూ నీళ్లు తాగకూడదు. అన్నిటికన్నా కష్టమైంది వేరే ఉంది: ఇన్నేళ్లూ "నిండింది" అనిపించే దాకా తిన్నాం కదా, ఇప్పుడు "ఆకలి లేదు" అన్న దగ్గర ఆగాలి. ఆ రెండిటి మధ్య దూరం నాలుగైదు ముద్దలే. నా 118 కిలోలూ ఆ నాలుగైదు ముద్దల్లోంచి వచ్చినవే అనుకుంటాను.

98 దగ్గర తొమ్మిది వారాలు ఆగిపోయింది. గ్రాము కదల్లేదు. పాత నేనైతే వెళ్లి బిగించమనేదాన్ని. ఈసారి ఫోన్ చేస్తే నర్సు అడిగింది, "ఆకలేస్తోందా అమ్మా?" లేదన్నాను. "తిన్నది ఇరుక్కుంటోందా?" లేదన్నాను. "అయితే బ్యాండ్ బాగానే ఉంది, తాగేవి రాయండి" అంది. తాగేవి! నేను తిండి ఒక్కటే రాసుకుంటున్నాను. రాసి చూస్తే రోజుకి నాలుగు కాఫీలు, పాలూ చక్కెరా వేసినవి, పైగా సాయంత్రం జ్యూస్. ద్రవాలకి ఉంగరం అడ్డే కాదు. రెండు కాఫీలకి దిగాను, చక్కెర తీసేశాను, జ్యూస్ బదులు పండు తిన్నాను. ఇంకో సంగతి, 118 కిలోల ఒళ్లు నడవడానికి ఖర్చుపెట్టే శక్తి 98 కిలోల ఒళ్లు పెట్టదు, కాబట్టి మొదట్లో తగ్గించిన తిండితోనే తర్వాత నిలబడిపోవడం మామూలే. ఆ తొమ్మిది వారాల్లో టేపు పెట్టి కొలిస్తే నడుము మాత్రం నాలుగు సెంటీమీటర్లు తగ్గింది, తూకం మిషన్‌కి ఆ సంగతి తెలియదు.

మిషన్ అంటే గుర్తొచ్చింది. రోజుకి మూడుసార్లు ఎక్కేదాన్ని. పొద్దున ఒకటి, స్నానం తర్వాత ఒకటి, రాత్రి ఒకటి, అన్నీ వేర్వేరు. ఉప్పు ఎక్కువైనా, మలబద్ధకం ఉన్నా, నెలసరి ముందైనా కిలో కిలోన్నర ఊరికే కనిపిస్తుంది. వారానికి మూడొందల గ్రాములు తగ్గే మనిషికి ఆ కిలోన్నర ఊగిసలాటలో తగ్గింది ఎక్కడ కనపడుతుంది? చివరికి మా ఆయన మిషన్‌ని అటక మీద పెట్టేశాడు (ఆయనకి వస్తువులు దాచడం ఒక హాబీ), ఆదివారం పొద్దున మాత్రం దించుతాడు. టెన్షన్ సగం తగ్గింది.

బ్యాండ్ కూడా రోజూ ఒకేలా ఉండదు, ఇది ఎవరూ చెప్పరు. నాకు పొద్దున్నే బిగుతుగా ఉంటుంది, మధ్యాహ్నానికి వదులవుతుంది, అందుకే పొద్దున మెత్తటిది, మధ్యాహ్నం గట్టిది తింటాను. నెలసరి రోజుల్లో బిగుతు, విమానంలో బిగుతు, కోపంగా ఉన్నప్పుడు మరీ బిగుతు. ఒక్కరోజు దిగలేదని కంగారుపడి ఫిల్ తీయించుకోకండి, ఒకరోజు దిగిపోయిందని ఎక్కించుకోకండి.

అయితే నెమ్మది వేరు, చెడిపోవడం వేరు. నిన్నటిదాకా చాలనిపించింది ఇవాళ హఠాత్తుగా రెండింతలు తినగలుగుతున్నా, ప్రతి ఫిల్ రెండు వారాల్లో ఆవిరైపోయినట్టున్నా గొట్టమో పోర్టో కారుతోందేమో చూపించుకోవాలి. ఏమీ మార్చకుండానే కొత్తగా గుండెల్లో మంట, రాత్రి దగ్గు, నొప్పి మొదలైతే జారిందేమో చూడాలి. ఆపరేషన్ అయిన చాలా కాలానికి పోర్ట్ దగ్గర ఎర్రగా వాచినా ఊరికే వదలకూడదు, కొన్నిసార్లు బ్యాండ్ లోపలికి దిగినదానికి బయట కనిపించే గుర్తు అదే. నీళ్లు కూడా దిగకపోయినా, ఆగని వాంతులైనా అదే రోజు వెళ్లాలి. రోజుల తరబడి వాంతులైతే బి1 విటమిన్ తగ్గి నరాలకి దెబ్బ తగులుతుంది. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దని నాకు గట్టిగా చెప్పారు. పెద్ద మాత్రలైతే ఏది పొడి చేయొచ్చో, దేనికి సిరప్ దొరుకుతుందో కనుక్కోవాలి, నాకు మల్టీవిటమిన్ బిళ్ల ఒకసారి ఇరుక్కుని గంటసేపు నరకం చూపించింది.

ఎవరైనా ఇప్పుడు వేయించుకోబోతుంటే నా సలహా, ఉంగరం ఏ కంపెనీది అని కాదు, తర్వాత సూది పట్టుకునేది ఎవరు అని అడగండి. మొదటి ఏడాదిలో ఎన్నిసార్లు చూస్తారు, అదే మనిషి చూస్తారా, రాత్రి పదకొండింటికి నీళ్లు దిగకపోతే ఫోన్ ఎవరు ఎత్తుతారు, ఎంత ఎక్కించారో నాకు రాసిస్తారా. ఆపరేషన్ గంటలోపు పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే సర్వీసింగే అసలు సరుకు, దాన్ని చూసే వాళ్లు తగ్గిపోతున్నారు కూడా. కొత్తగా వేసేవాళ్లే తగ్గిపోయినప్పుడు ఫిల్ చేయడం వచ్చిన చెయ్యి దొరకడం కష్టమే.

మళ్ళీ అయితే వేయించుకుంటావా అని చాలామంది అడుగుతారు. నిజం చెప్పాలంటే, ఇవాళ నాకు తెలిసినవన్నీ అప్పుడు తెలిసుంటే స్లీవ్ గురించి ఇంకా గట్టిగా ఆలోచించేదాన్ని. పీకేయించుకుంటావా అంటే మాత్రం లేదు, పనిచేస్తున్నదాన్ని ఎందుకు తీయిస్తాను. సెమాగ్లుటైడ్ లాంటి, బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ సంగతి డాక్టరమ్మే ఎత్తింది, బీఎంఐ ఇంకా 35 దగ్గరే ఉంది కాబట్టి. ఆలోచిస్తున్నాను, తొందరలేదు.

వచ్చే నెల ఏడాదికోసారి చేసే బేరియం ఎక్స్‌రే ఉంది. అన్నవాహిక వెడల్పు పూర్తిగా మామూలైందో లేదో అందులో తెలుస్తుంది. మామూలు కాకపోతే బ్యాండ్ ఇంకాస్త వదులు చేస్తానని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. చేస్తే చేయనీ. అప్పుడు ఈ మార్కులు మారితే వచ్చి మారుస్తాను.